సర్దుకోవడానికి తెరిపి ఏదీ?

నేను మొట్టమొదటిసారి పాలిపోయిన పగడాన్ని దగ్గర నుంచి చూసినప్పుడు దాన్ని ఫోటో తీసి, కింద "ఎంత అందంగా ఉందో!" అని రాసి తెలిసినవాళ్ళందరికీ పంపాను. ముఖానికి మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని లోతు లేని నీళ్ళలో బోర్లా తేలుతున్నాను. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో కొమ్మలు కొమ్మలుగా ఒక పొద, అప్పుడే సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా ఉంది. చుట్టుపక్కలవన్నీ మట్టి రంగు, తేనె రంగు, ముదురు ఆకుపచ్చ. మధ్యలో ఇదొక్కటే లోపల లైటు వేసినట్టు వెలుగుతోంది. బాగా దగ్గరికి వెళ్ళి చూస్తే కొమ్మ మీద నీటి పొరంత పలచగా చర్మం ఉంది. ఆ చర్మం మీద గుండుసూది తలంత చిన్న చిన్న నోళ్ళు, ఒక్కోదాని చుట్టూ వెంట్రుకల్లాంటి వేళ్ళు. వాటిలో కొన్ని మెల్లగా విచ్చుకుంటున్నాయి, ముడుచుకుంటున్నాయి, మళ్ళీ విచ్చుకుంటున్నాయి. అంటే అది బతికే ఉంది. నేను చూసింది ఆకలితో అలమటిస్తున్న ఒక జంతువునని తెలియడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది.

ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, తీసెయ్యలేదు. ఈ మధ్య మా బాబాయి కొడుకు ఫోన్ తిరగేస్తూ అది చూసి ఏంటని అడిగాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను, మొదలుపెడితే నేను ఒక పట్టాన ఆపను, వాడు ఓపిగ్గా విని చివరికి, "అక్కా, పగడాలు డైనోసార్ల కాలం నుంచి ఉన్నాయంటున్నావు కదా, ఇలాంటివి ఎన్ని చూసి ఉంటాయి, అవే సర్దుకుంటాయిలే" అన్నాడు. వాడు తేలిగ్గా తీసిపారేయాలని అన్న మాట కాదది. నేను బాధపడుతున్నానని, కాస్త ఊరట కలగాలని అన్నాడు. కానీ ఆ "సర్దుకుంటాయిలే" అన్నది నాకు చాలాచోట్ల వినిపిస్తోంది, చదువుకున్నవాళ్ళ నోటి నుంచి, సముద్రాన్ని ప్రేమించేవాళ్ళ నోటి నుంచి కూడా. అప్పుడు నోట మాట రాలేదు కాబట్టి వాడికి ఇవ్వాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ తెలుపు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి. పగడం అనగానే చాలామందికి ఎర్రటి పూస గుర్తొస్తుంది. అది వేరే జాతి, వెలుతురు పెద్దగా పడని చోట పెరుగుతుంది. నేను మాట్లాడేది ఎండ బాగా పడే వెచ్చటి నీళ్ళలో దిబ్బలు కట్టే పగడాల గురించి. ఇవి జంతువులు, జెల్లీఫిష్‌కి చుట్టాలు. ఒక్కో చిన్న జీవిని పాలిప్ అంటారు. వేలకొద్దీ పాలిప్‌లు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని, కింద సున్నంతో గూడు కట్టుకుంటూ, పాత గూటి మీద కొత్త గూడు పేర్చుకుంటూ పోతాయి. కొన్ని జాతులు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గొప్ప. అలా వేల ఏళ్ళు కడితే తయారైందే పగడపు దిబ్బ.

ఈ పాలిప్ కణాల లోపల ఒక సూక్ష్మమైన నాచు కాపురముంటుంది. జూక్సాంథెల్లే అంటారు. చదరపు సెంటీమీటరు చర్మంలో పది లక్షల కణాల దాకా ఉంటాయి. ఆ నాచు ఎండతో తయారుచేసుకున్న ఆహారంలో ఎక్కువ భాగం పాలిప్‌కే ఇచ్చేస్తుంది. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇలా వస్తుంది. బదులుగా పాలిప్ దానికి చోటిస్తుంది, తన ఒంట్లోంచి పోయే నైట్రోజన్‌నీ కార్బన్ డయాక్సైడ్‌నీ ఎరువుగా ఇస్తుంది. పగడం మీద మనకు కనిపించే రంగు చాలావరకు ఈ నాచుదే. ఉష్ణమండలపు సముద్రం అంత తేటగా, నీలంగా ఉందంటే ఆ నీళ్ళలో పోషకాలు దాదాపు లేవని అర్థం. ఒక రకంగా ఎడారి. ఆ ఎడారిలో, సముద్రపు అడుగులో ఒక్క శాతం కూడా లేని జాగాలో, సముద్ర జీవజాతుల్లో దాదాపు పావు వంతుకి ఏదో ఒక దశలో ఆశ్రయమిచ్చే ఇల్లు నిలబడింది ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీదే.

నీళ్ళు వేడెక్కితే దెబ్బ తగిలేది సరిగ్గా ఇక్కడ. నాచులో ఎండని ఆహారంగా మార్చే యంత్రాంగం పాడవుతుంది. ఎండ మాత్రం పడుతూనే ఉంటుంది కదా, ఆ శక్తిని సరిగ్గా వాడుకోలేక, కణాలను కాల్చేసే రకం ఆక్సిజన్‌ని తయారుచేయడం మొదలుపెడుతుంది. నిన్నటిదాకా అన్నం పెట్టిన చెయ్యే విషం పెడుతున్నట్టు. గత్యంతరం లేక పాలిప్ ఆ నాచుని బయటికి నెట్టేస్తుంది. నాచు పోయాక మిగిలేది అద్దంలాంటి చర్మం, దాని కింద నుంచి కనిపించే సున్నపు ఎముక. నేను అందంగా ఉందనుకున్న తెలుపు అదే, బతికున్న జంతువు ఒంట్లోంచి కనిపిస్తున్న ఎముక.

నాచు పోయినంత మాత్రాన పగడం చచ్చిపోయినట్టు కాదు. నీళ్ళు కొన్ని వారాల్లో చల్లబడితే నాచు మళ్ళీ వచ్చి చేరుతుంది, పగడం కోలుకుంటుంది. కానీ ఆ తర్వాత ఏడాదీ రెండేళ్ళూ అది నీరసంగానే ఉంటుంది, సరిగ్గా పెరగదు, గుడ్లు తక్కువ పెడుతుంది, జబ్బులకి లొంగిపోతుంది. నీళ్ళు చల్లబడకపోతే ఆకలితో చస్తుంది. వేడి మరీ ఎక్కువైతే ఆకలి దాకా కూడా ఆగదు. 2016లో ఆస్ట్రేలియా తూర్పు తీరం పొడవునా ఉన్న గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తర భాగంలో చాలా పగడాలు రెండు మూడు వారాల్లోనే నేరుగా వేడికే చచ్చిపోయాయి. ఆ రోజుల్లో అక్కడి లిజర్డ్ ఐలాండ్ దగ్గర నీళ్ళలోకి దిగి ఫోటోలు తీసినవాళ్ళు చెప్పింది చదివాను. పైకి వచ్చాక కూడా ఒంటిని పట్టుకుని వదలని కుళ్ళిన మాంసం వాసనట. పగడం జంతువు అని ఎన్ని పుస్తకాల్లో చదివినా నాకు పూర్తిగా ఒంటబట్టింది ఆ వాసన గురించి చదివినప్పుడే.

అమెరికన్ సమోవాలో, విమానాశ్రయం పక్కన ఉన్న ఒక పగడపు దిబ్బకి ఒకే చోట నుంచి తీసిన మూడు ఫోటోలున్నాయి. మొదటిది 2014 డిసెంబరు, కొమ్మల పగడాలు గుబురుగా, గోధుమ రంగులో. రెండోది 2015 ఫిబ్రవరి, అవే కొమ్మలు, అదే ఆకారం, ఒక్క కొమ్మ విరగలేదు, మొత్తం తెలుపు. మూడోది అదే ఏడాది ఆగస్టు, అవే కొమ్మల మీద బూజు పట్టినట్టు వేరే రకం నాచు పేరుకుని, బూడిదా గోధుమా కలిసిన రంగులో. మధ్యలో గడిచింది 8 నెలలు. నన్ను కలవరపెట్టేది మూడో ఫోటో. రెండోదాన్ని చూసి ఎవరైనా ఆగుతారు, ఏదో అయిందని తెలుస్తుంది. మూడోదాన్ని చూసి ఎవరూ ఆగరు. మొదటి ఫోటో చూడనివాళ్ళకి సముద్రం అడుగు అంటే ఇలాగే ఉంటుందేమో అనిపిస్తుంది.

సరే, వేడి అంటే ఎంత వేడి? పగడాలు తమ చోట వేసవిలో మామూలుగా వచ్చే గరిష్ఠ వేడికి దాదాపు అంచున బతుకుతాయి. దాని మీద ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగి, అది కొన్ని వారాలు అలాగే నిలబడితే చాలు, పాలిపోవడం మొదలవుతుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవాలో కోరల్ రీఫ్ వాచ్ అని ఒక విభాగం ఉంది, ఉపగ్రహాలతో ప్రపంచంలోని సముద్రాల వేడిని రోజూ చూస్తూ దీన్ని లెక్కగడుతుంది. ఆ లెక్క పేరు డిగ్రీ హీటింగ్ వీక్స్. వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ ఎక్కువగా ఒక వారం ఉంటే 1. రెండు డిగ్రీలు ఎక్కువగా రెండు వారాలుంటే 4. గత 12 వారాల్లో పోగైందంతా కూడతారు. 4 దాటితే పాలిపోవడం ఖాయమన్నట్టే, 8 దాటితే చావులు. ఆ మ్యాపు పసుపు నుంచి నారింజకి, ఎరుపుకి, ముదురు ఎరుపుకి మారుతుంటుంది. రోజూ పొద్దున్నే అది తెరిచి చూడడం నాకు అలవాటైపోయింది. 2023లో వేడి ఏ స్థాయికి పోయిందంటే, అప్పటిదాకా ఉన్న హెచ్చరిక మెట్లు చాలక వాళ్ళు పైన ఇంకో మూడు మెట్లు చేర్చాల్సి వచ్చింది. చివరి మెట్టు 20 దగ్గర మొదలవుతుంది, అక్కడ పగడాల్లో 80 శాతానికి పైగా చనిపోయే ప్రమాదం ఉందని అర్థం. కొలబద్ద సరిపోక పొడిగించారంటే పరిస్థితి ఎక్కడికొచ్చిందో వేరే చెప్పాలా?

ఇప్పుడు వాడన్న మాట దగ్గరికి వస్తాను. "అవే సర్దుకుంటాయిలే." నిజానికి ఆ మాటలో నిజం ఉంది, అందుకే దానికి జవాబు చెప్పడం కష్టం. పగడాలు సర్దుకుంటాయి. వాటిని ఎవరూ వచ్చి నాటనక్కర్లేదు, నీళ్ళు పొయ్యనక్కర్లేదు. ఆస్ట్రేలియా పశ్చిమాన, తీరానికి చాలా దూరంగా స్కాట్ రీఫ్ అని ఉంది. 1998 వేడికి అక్కడి పగడాలు ఎక్కువ భాగం చచ్చిపోయాయి, బతికున్న పగడం విస్తీర్ణం 10 శాతం లోపుకి పడిపోయింది. చుట్టుపక్కల ఎక్కడి నుంచీ పిల్లలు కొట్టుకొచ్చే దారి లేదు కాబట్టి ఇక ఇది పోయినట్టేనని చాలామంది అనుకున్నారు. కానీ అక్కడ మిగిలిన కాసిన్ని పగడాలే పెరిగి, గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసుకుని, 12 ఏళ్ళు తిరిగేసరికి విస్తీర్ణాన్ని 44 శాతానికి తెచ్చుకున్నాయి. ఆ సంగతి చదివినప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది, సంతోషంతో. పైన పేరుకునే నాచుని మేసి దిబ్బని శుభ్రంగా ఉంచే చేపలు అక్కడ బాగా ఉండడం, తీరం నుంచి బురదా మురుగూ రాకపోవడం కలిసొచ్చాయి. అన్నిటికంటే ముఖ్యంగా వాటికి ఆ 12 ఏళ్ళు దొరికాయి.

తర్వాత 2016లో మళ్ళీ వేడి వచ్చింది. స్కాట్ రీఫ్ మళ్ళీ పాలిపోయింది.

నేను చెప్పదలుచుకున్నదంతా ఈ రెండు పేరాల మధ్య ఉంది. సర్దుకునే శక్తి పగడాలకి ఎప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. వాటి దగ్గర నుంచి మనం లాక్కుంటున్నది తెరిపి. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఉండాల్సిన ఖాళీ. వాన తెరిపిస్తేనే కదా తడిసిన గోడ ఆరేది. త్వరగా పెరిగే కొమ్మల పగడాలకి కోలుకోవడానికి 10 నుంచి 15 ఏళ్ళు కావాలి. గుండ్రాళ్ళలా పెరిగే నిదానపు జాతులకైతే పదుల ఏళ్ళు, ఒక్కోసారి వంద దాటుతుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త టెరీ హ్యూస్, ఆయన తోటివాళ్ళు కలిసి ప్రపంచవ్యాప్తంగా 100 చోట్ల రికార్డులు తీసి 2018లో ఒక లెక్క చెప్పారు. 1980ల మొదట్లో ఒక చోట తీవ్రంగా పాలిపోవడం 25-30 ఏళ్ళకొకసారి జరిగేది. 2016 నాటికి అది 6 ఏళ్ళకొకసారి అయిపోయింది. కోలుకోవడానికి పదేళ్ళు కావలసిన ప్రాణికి ఆరేళ్ళే ఇస్తే అది ఏం సర్దుకుంటుంది? ఎలా సర్దుకుంటుంది?

ప్రపంచమంతటా ఒకేసారి పాలిపోవడం మొదటిసారి జరిగింది 1998లో. ఆ ఒక్క ఏడాదే ప్రపంచంలోని పగడాల్లో 8 శాతం పోయాయి. తర్వాత 2010, ఆ తర్వాత 2014 నుంచి 2017 దాకా. నాలుగోది 2023లో మొదలైంది, 2024 ఏప్రిల్లో అధికారికంగా ప్రకటించారు. దీనిలో ప్రపంచ పగడపు దిబ్బల విస్తీర్ణంలో 84 శాతం, 80కి పైగా దేశాల్లో, ప్రాంతాల్లో, పాలిపోయేంత వేడికి గురైంది. 1998లో అలాంటి వేడి తగిలింది సుమారు 21 శాతానికి. గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఒక్కదాని సంగతే చూసుకున్నా పెద్ద ఎత్తున పాలిపోయిన సంవత్సరాలు ఇవి: 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024, 2025. ఒకసారి మెల్లగా చదవండి ఆ అంకెల్ని. 2002కీ 2016కీ మధ్య 14 ఏళ్ళున్నాయి. తర్వాత ఏముంది? 2016 దెబ్బకే ఆ దిబ్బల పగడాల్లో దాదాపు 30 శాతం పోయాయి. ఆ సర్వే ఫలితాలు తన విద్యార్థులకి చూపించానని, అందరం కలిసి ఏడ్చామని హ్యూస్ అప్పట్లో రాశాడు. జీవితమంతా ఒకేదాన్ని చదివిన మనిషి అలా రాశాడంటే అది బలహీనత అని నేననుకోను.

ఇంతకుముందు దీన్నంతా ఎల్ నినో మీదకి నెట్టడం సులువుగా ఉండేది. ఎల్ నినో వచ్చిన ఏడాది సముద్రం వేడెక్కుతుంది, వెళ్ళిపోయాక చల్లబడుతుంది, అదొక తిరుగుడు అని. 2022లో గ్రేట్ బ్యారియర్ రీఫ్ పాలిపోయింది లా నినా కాలంలో, అంటే మామూలుగా చల్లగా ఉండాల్సిన ఏడాదిలో. ఇవాళ్టి చల్లటి ఏడాది కూడా ఒకప్పటి వేడి ఏడాది కంటే వేడిగా ఉంటోంది. పగడాల ఎముకల్లో చెట్లకున్నట్టే ఏడాదికో వలయం ఉంటుంది, దాన్ని తొలిచి తీసి పాత ఉష్ణోగ్రతలు చదవొచ్చు. అలా చదివి 2024లో తేల్చిందేమిటంటే, గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉన్న కోరల్ సముద్రం 400 ఏళ్ళలో ఎన్నడూ ఇంత వేడిగా లేదు.

"మరి 2022లో గ్రేట్ బ్యారియర్ రీఫ్ మీద పగడం రికార్డు స్థాయికి పెరిగిందన్నారే?" అని అడిగేవాళ్ళున్నారు, అది న్యాయమైన ప్రశ్నే. నిజమే, ఉత్తర, మధ్య భాగాల్లో 36 ఏళ్ళ రికార్డుల్లోనే ఎక్కువ విస్తీర్ణం నమోదైంది. పెరిగింది ప్రధానంగా అక్రోపొరా జాతులు, అంటే త్వరగా పెరిగే కొమ్మల, బల్లల ఆకారపు పగడాలు. కాలిపోయిన అడవిలో ముందు గడ్డి లేచినట్టు. వేడికీ తుపానుకీ ముందు పోయేవి కూడా అవే. 2025 సర్వేకి వచ్చేసరికి, ఉత్తర, మధ్య, దక్షిణ భాగాలు మూడింటిలోనూ విస్తీర్ణం ఒక్క ఏడాదిలో 14 నుంచి 30 శాతం దాకా పడిపోయింది. పచ్చగా ఉంది కదా అని గడ్డిని చూసి అడవి వచ్చేసిందనలేం. అయినా ఆ 2022 రికార్డు నా మాటకి వ్యతిరేకం కాదు, అది కూడా నేను చెప్పేదే చెబుతోంది. కాస్త తెరిపి దొరికితే అవి ఎంత లేస్తాయో చూపించింది.

పిల్లల సంగతి కూడా చెప్పాలి. ఏడాదికొకసారి, వేసవి మొదట్లో పౌర్ణమి దాటిన కొన్ని రాత్రులకి, చీకటి పడ్డాక, వందకి పైగా జాతుల పగడాలు దాదాపు ఒకేసారి గుడ్లనీ వీర్యాన్నీ చిన్న చిన్న గులాబీ రంగు పూసల్లా నీళ్ళలోకి వదులుతాయి. కింద నుంచి పైకి కురుస్తున్న వానలా ఉంటుందంటారు చూసినవాళ్ళు. ఆ గుడ్లు పొదిగి, లార్వాలై, కొన్నాళ్ళు కొట్టుకుపోయి, ఎక్కడో శుభ్రమైన గట్టి చోటు వెతుక్కుని అతుక్కుంటాయి. 2016, 2017 వరుస దెబ్బల తర్వాత, 2018లో గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో అలా అతుక్కున్న పిల్లలు అంతకుముందు కంటే 89 శాతం తగ్గాయి. గుడ్లు పెట్టాల్సిన తల్లులే లేవు మరి. సర్దుకోవడం అనే పని చేసేది వీళ్ళే, ఈ పిల్లలే. వాళ్ళకే గండి పడింది.

వేడికి అలవాటు పడతాయి కదా అనేది ఇంకో మాట. కొన్ని పగడాలు ఓర్చుకుంటాయి. పర్షియన్ గల్ఫ్‌లో వేరేచోటి పగడాలు బతకలేనంత వేడి నీళ్ళలో ఉంటున్నవి ఉన్నాయి. ఎర్ర సముద్రం ఉత్తర కొసన అకాబా దగ్గరవి తమ వేసవి గరిష్ఠం కంటే చాలా ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. కొన్ని పగడాలు పాత నాచుని వదిలేసి, డ్యూరస్డినియం అనే మొండి రకాన్ని ఒంట్లోకి రానిస్తాయి. దానితో ఒకటి, ఒకటిన్నర డిగ్రీ అదనంగా ఓర్చుకోగలవు, కానీ అది పెట్టే తిండి తక్కువ, కాబట్టి పెరుగుదల మందగిస్తుంది. గల్ఫ్ పగడాలకి ఆ ఓర్పు రావడానికి వేల ఏళ్ళు పట్టింది, 2017లో అవి కూడా పెద్ద ఎత్తున పాలిపోయాయి. ఇక్కడ కూడా మళ్ళీ అదే మాట, అలవాటు పడడానికీ తరాలు కావాలి, తరాలకి కాలం కావాలి.

నాకు కోపం తెప్పించేది మాత్రం వేరే ఉంది. పగడాల గురించి మాట్లాడగానే చాలామంది అడిగేది "అయితే ఏ సన్‌స్క్రీన్ కొనాలి?" అని. హవాయి, పలావు లాంటి చోట్ల కొన్ని రసాయనాలున్న సన్‌స్క్రీన్లని నిషేధించారు, మంచిదే, నేనూ వాడను. కానీ 2016లో గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో అన్నిటికంటే ఘోరంగా దెబ్బతిన్నది ఉత్తర భాగం. మనుషులు తక్కువ, పొలాల నుంచి వచ్చే బురద తక్కువ, చేపల వేట తక్కువ, నీళ్ళు అద్దంలా ఉండే చోటు. శుభ్రమైన నీళ్ళు గానీ, వేట మీద ఆంక్షలు గానీ పాలిపోవడాన్ని ఆపలేకపోయాయి. వేడి వచ్చాక కోలుకోవడానికి అవి పనికొస్తాయి, అందుకని మురుగు ఆపాలి, నాచు మేసే చేపల్ని వదిలెయ్యాలి, లంగర్లు వేసి దిబ్బల్ని విరగ్గొట్టకూడదు. ఇవన్నీ చెయ్యాల్సిందే. కానీ ఇవి చేశాం కాబట్టి మన వంతు అయిపోయిందనుకోవడం, జ్వరంతో మూలుగుతున్న మనిషి పక్క దుప్పటి మార్చి ఇంటికెళ్ళిపోవడం లాంటిది.

పగడాలని నర్సరీల్లో పెంచి దిబ్బల మీద నాటే పని గురించి నాకు చాలా గౌరవం ఉంది. నీళ్ళలో తాళ్ళకి వేలాడదీసిన చిన్న చిన్న ముక్కల్ని పళ్ళు తోమే బ్రష్షులతో శుభ్రం చేస్తూ గంటలు గంటలు గడిపే మనుషులు వాళ్ళు. హవాయిలో రూత్ గేట్స్, ఆస్ట్రేలియాలో మడలీన్ వాన్ ఓపెన్ అనే శాస్త్రవేత్తలు వేడికి ఓర్చుకునే పగడాల్ని, నాచుని తయారుచేసే దారి తెరిచారు. గేట్స్ 2018లో చనిపోయారు, ఆ పని నడుస్తూనే ఉంది. అయితే ఫ్లోరిడాలో ఏమైందో చూడండి. దశాబ్దాలుగా అక్కడ కొమ్ముల పగడాల్ని పెంచి నాటుతున్నారు. 2023 జులైలో ఫ్లోరిడా కొసన లోతులేని మనాటీ బే దగ్గర, నీళ్ళలో తేలుతూ వేడి కొలిచే ఒక బోయా 38.4 డిగ్రీలు చూపించింది. స్నానానికి కాచుకునే నీళ్ళ వేడి అది. నర్సరీల వాళ్ళు పగళ్ళూ రాత్రుళ్ళూ పడవలేసుకుని వెళ్ళి, దొరికినన్ని ముక్కలు నీళ్ళలోంచి తీసి, ఒడ్డున తొట్లలోకి తరలించారు. ఇళ్ళు మునుగుతుంటే పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తినట్టు. బయట మిగిలిపోయిన ఎల్క్‌హార్న్, స్టాగ్‌హార్న్ అనే ఆ కొమ్ముల పగడాలు దాదాపు మొత్తం పోయాయి. ఆ తీరంలో దిబ్బ కట్టే పనికి ఇక అవి లేనట్టేనని శాస్త్రవేత్తలు 2025లో తేల్చారు. ప్రపంచంలో ఇప్పటిదాకా జరిగిన ఇలాంటి పునరుద్ధరణ పనులు చూస్తే, మధ్యస్థంగా ఒక్కో ప్రాజెక్టు చేసింది 100 చదరపు మీటర్లు. గ్రేట్ బ్యారియర్ రీఫ్ మెరైన్ పార్కు 3 లక్షల 44 వేల చదరపు కిలోమీటర్లు. ఈ పనిని తక్కువ చెయ్యడానికి ఈ అంకెలు చెప్పడం లేదు. విత్తనం దాచిపెట్టడం అవసరం, చాలా అవసరం. ఆ విత్తనం చల్లడానికి కాస్త చల్లటి నీళ్ళు కావాలి, అవి ఏ నర్సరీలోనూ తయారుకావు.

ఆ నీళ్ళని వేడెక్కిస్తున్నదేంటో అందరికీ తెలుసు. బొగ్గు, పెట్రోలు, గ్యాసు కాల్చగా వచ్చిన కార్బన్ డయాక్సైడ్ గాలిలో పరిశ్రమలు రాకముందు పది లక్షల పాళ్ళలో 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. దానివల్ల భూమి మీద చిక్కుకుపోతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగుతోంది. మనం పైన ఈ మాత్రం చల్లగా ఉన్నామంటే అది దిగమింగబట్టే. పరిశ్రమలు రాకముందు కంటే భూమి వేడి 1.5 డిగ్రీలు పెరిగితే పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం పోతాయని, 2 డిగ్రీలైతే 99 శాతానికి పైగా పోతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర బృందం ఐపీసీసీ 2018లోనే చెప్పింది. 2024 అప్పుడే 1.5 దాటిన మొదటి సంవత్సరం. ఒక్క ఏడాది దాటినంత మాత్రాన ఆ హద్దు శాశ్వతంగా పోయినట్టు కాదు, అది పదుల ఏళ్ళ సగటు మీద చూసే లెక్క. కానీ 2025 అక్టోబరులో వచ్చిన గ్లోబల్ టిప్పింగ్ పాయింట్స్ నివేదిక, వెచ్చటి నీళ్ళ పగడాల హద్దు 1.2 డిగ్రీల దగ్గరే ఉందని, దాన్ని మనం దాటేశామని చెప్పింది.

ఇది చదివి "అయితే అంతా అయిపోయింది" అనేవాళ్ళంటే నాకు "సర్దుకుంటాయిలే" అనేవాళ్ళకంటే ఎక్కువ భయం. రెండు మాటలూ చివరికి ఒకే పని చేస్తాయి, చేతులు ముడుచుకుని కూర్చోబెడతాయి. 70 శాతం పోవడానికీ 99 శాతం పోవడానికీ తేడా లేదా? వందలో 30 మిగలడానికీ ఒక్కటి మిగలడానికీ? స్కాట్ రీఫ్ 10 శాతం లోపు నుంచి లేచింది. ఎంత మిగుల్తుందన్నది డిగ్రీలో పదో వంతు, పదో వంతుగా మన చేతిలోనే ఉంది. అందుకని విద్యుత్తు దేనితో తయారవుతోంది, బండ్లు దేనితో నడుస్తున్నాయి, కొత్త బొగ్గు గనికి ఎవరు సంతకం పెడుతున్నారు అన్నవి నాకు పగడాల ప్రశ్నలే. సన్‌స్క్రీన్ సీసా వెనక రాసింది చదివే శ్రద్ధలో సగం వీటి మీద పెట్టినా చాలు.

మనుషుల మాట ఎత్తకుండా ఇంత దూరం వచ్చాను, కావాలనే. పగడాలు మనకి పనికొస్తాయి కాబట్టే కాపాడాలనడం నాకు మనసొప్పదు. కానీ మనుషులున్నారు. మాల్దీవులు, లక్షద్వీప్, టువాలు, కిరిబాటి, మార్షల్ దీవులు, వీటి కాళ్ళ కింద ఉన్న నేలే పగడాలు పోగేసిన సున్నం. దిబ్బ బతికున్నంతకాలం అరిగిన చోట మళ్ళీ కడుతుంది, ఇసుకనిస్తుంది, తీరానికొచ్చే అల బలాన్ని 97 శాతం దాకా తనే కాచుకుంటుంది. చచ్చిన దిబ్బ అరగడమే తప్ప కట్టదు. పైన సముద్రం పెరుగుతోంది. ఆ దీవుల వాళ్ళతో ఎవరైనా "సర్దుకోండి" అనగలరా?

రాస్తూ రాస్తూ మధ్యలో ఆపి మా తమ్ముడికి ఫోన్ చేశాను. ఇదంతా చదవమని అడగలేదు, ఒక్క లెక్క చెప్పాను. 2020 చివర్లో, గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో, ఆ పౌర్ణమి తర్వాతి రాత్రుల్లో పుట్టిన ఒక కొమ్మల పగడం ఎక్కడో అతుక్కుందనుకో. మొదటి నెలల్లో అది బియ్యపు గింజంత కూడా ఉండదు. గుడ్లు పెట్టే వయసు రావడానికి దానికి అయిదేళ్ళ దాకా పట్టొచ్చు, అంటే 2025 చివరి దాకా. ఆలోగా ఏయే వేసవులు దాటాలో చూడు అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. "ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై అయిదు" అని లెక్కపెట్టుకున్నాడు. "ఒక్కసారి కూడా గుడ్లు పెట్టకముందే మూడు వడదెబ్బలా అక్కా?" అన్నాడు.

అవునన్నాను.